విశాఖ షిప్‌యార్డు పెట్టిన షోలాపూర్ వ్యాపారి

ఈసారి వాల్‌చంద్ హీరాచంద్ గురించి రాస్తున్నాను. షోలాపూర్ వ్యాపారితో మనకేం పని అంటారా? విశాఖ షిప్‌యార్డు ఆయన పెట్టిందే. మా వైజాగ్ వాళ్ళకి షిప్‌యార్డు అంటే గవర్నమెంటు కంపెనీ. అందులో ఉద్యోగమొస్తే వీధంతా స్వీట్లు పంచేవారు. దాని వెనుక ఒక ప్రైవేటు వ్యాపారి ముప్ఫై ఏళ్ళ పోరాటం ఉందని మాలో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

వాల్‌చంద్ 1882లో షోలాపూర్‌లో, గుజరాతీ జైన కుటుంబంలో పుట్టారు. ఇంటి వ్యాపారం వదిలి రైల్వే కాంట్రాక్టులు పట్టి బాగా గడించారు. ఓడల సంగతి ఆయనకు బొత్తిగా తెలియదు. 1919లో గ్వాలియర్ మహారాజుగారి 'లాయల్టీ' అనే ఓడ అమ్మకానికి ఉందని రైలు ప్రయాణంలో తెలిసిందట. ఆ మహారాజు వంశం సింధియా కాబట్టి కంపెనీకి సింధియా స్టీమ్ నావిగేషన్ అని పేరు పెట్టారు. నరోత్తమ్ మొరార్జీ వంటి పెద్దలు ఆయనతో కలిశారు. 1919 ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుండి లండన్ బయలుదేరింది. అది 1891 నాటి పాత ఓడ, ఖర్చు ఎక్కువ. లండన్ సర్వీసు నిలబడలేదు.

అసలు కష్టం ఓడది కాదు. మన తీరం వెంబడి వ్యాపారం దాదాపుగా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ చేతిలో ఉండేది. మన తాతల కాలంలో కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం నుండి రంగూన్ మిల్లుల్లో పనికి వెళ్ళిన మనవాళ్ళు ఎక్కువగా ఎక్కింది ఈ కంపెనీ ఓడలే. పోటీకి ఎవరొచ్చినా వెంటనే రేట్లు దించేసేది. 1906లో తూత్తుకుడిలో చిదంబరం పిళ్ళైగారు పెట్టిన స్వదేశీ కంపెనీ అలాగే మునిగింది. దీనికి తోడు రిబేటు ఒకటి. వర్తకుడు కట్టిన కిరాయిలో కొంత భాగాన్ని కొన్ని నెలల తర్వాత తిరిగి ఇచ్చేవారు, కానీ ఆలోగా వేరే కంపెనీకి ఒక్క బస్తా కూడా ఇవ్వకూడదు. ఇచ్చాడా, రావాల్సిన సొమ్ము పోయినట్టే. ఇంత పకడ్బందీగా కట్టేస్తే దేశభక్తి ఉన్న వర్తకుడైనా ఏం చేస్తాడు?

సింధియాకూ అదే గతి పట్టింది. చివరికి 1923లో ఒప్పందం కుదిరింది. పదేళ్ళపాటు ఓడల సంఖ్య పెంచడానికి పరిమితి, విదేశీ మార్గాల జోలికి వెళ్ళకూడదు. దాన్ని లొంగుబాటు అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. నేను అలా అనుకోను. పిళ్ళైగారి కంపెనీ రాజీ పడలేదు, 1911కల్లా లేకుండా పోయింది. వాల్‌చంద్ రాజీ పడ్డారు, కంపెనీ బతికింది. అయితే ఆ పదేళ్ళలో మన ఓడలు విదేశాలకు వెళ్ళలేకపోయిన మాటా నిజమే. 1929లో మొరార్జీగారు పోయాక ఆయనే ఛైర్మన్ అయ్యారు.

కొన్న ఓడలతో ఎంతకాలం? ఇక్కడే కట్టాలన్నది ఆయన పట్టుదల. ముందు కలకత్తాలో ప్రయత్నించారు, అక్కడ స్థలం విషయం తేలలేదు. విశాఖలో 1933లో కొత్త రేవు తెరిచారు, లోపలి నీళ్ళు లోతుగా, అలల తాకిడి లేకుండా ఉంటాయి. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్‌గారు శంకుస్థాపన చేశారు. ఏడాది తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. ఊరు సగం ఖాళీ అయింది, యార్డు పని ఆగింది. యుద్ధం ముగిశాకే మళ్ళీ ఊపందుకుంది.

1948 మార్చి 14న నెహ్రూగారి చేతుల మీదుగా ఎనిమిది వేల టన్నుల 'జల ఉష' నీళ్ళలోకి దిగింది. స్వతంత్ర భారతంలో తయారై సముద్రం మీదికి వెళ్ళిన మొదటి పెద్ద స్టీమరు అదే. ఆ మరుసటి ఏడాదే వాల్‌చంద్‌కి పక్షవాతం వచ్చింది. ఇక్కడ ఓడ కట్టే ఖర్చు బయట కొనే ధర కంటే ఎక్కువ, ఆ నష్టాన్ని ఒక కంపెనీ ఎన్నాళ్ళో మోయలేదు. 1952లో ప్రభుత్వం అధిక వాటా తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డు అని పేరు పెట్టింది. 1953 ఏప్రిల్ 8న ఆయన కన్నుమూశారు.

లాయల్టీ బయలుదేరిన ఏప్రిల్ 5ను 1964 నుండి దేశంలో జాతీయ సముద్రయాన దినంగా జరుపుతున్నారు. ఆ ఓడ మాత్రం 1923లోనే బొంబాయిలో తుక్కు కింద పోయింది.