పాటకు గుర్తులు పెట్టిన దీక్షితులు

చిలకలగూడలో మా వీధి చివర రైల్వేలో చేసి రిటైరయిన ఆంగ్లో ఇండియన్ల కుటుంబం ఒకటి ఉండేది. ఆ ఇంటి ఆంటీ ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయించేది. ఓసారి ఆవిడ పుస్తకం తిరగేశాను. అయిదేసి గీతలు, వాటి మీద నల్లచుక్కలు. 1750లో పోయిన బాఖ్ రాసిపెట్టింది ఆవిడ చూసి వాయించేస్తోంది! మా అమ్మమ్మ మంగళహారతి బాణీ మాత్రం ఆవిడతోనే పోయింది. నోట్‌బుక్కులో మాటలున్నాయి, స్వరం లేదు. ఆ దిగులులోనే సుబ్బరామ దీక్షితుల గురించి చదివాను.

ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి. దొరల ఫిడేలు నేర్చి మన సంగీతంలోకి తెచ్చింది ఆయనే. కూతురి కొడుకునే దత్తత చేసుకున్నారు. 1839లో పుట్టిన ఆ పిల్లాడే సుబ్బరామ. తిరునల్వేలి వైపున్న ఎట్టయపురం సంస్థానంలో పెరిగాడు. పదిహేడేళ్లకే దర్బారు రాగంలో వర్ణం కడితే, తాతగారు చేసిచ్చారేమోనని రాజావారికి అనుమానం వచ్చిందట. ఎదుటే ఇంకోటి కట్టమన్నారు. కట్టి చూపించాడు!

ఇంటినిండా పెదతాతగారి కీర్తనలు. గురువు దగ్గర కూర్చుని నేర్వవలసినవే గానీ బజారున పెట్టేవి కావన్నది ఆనాటి పద్ధతి. మద్రాసులో సర్కారు ఉద్యోగి చిన్నస్వామి మొదలియారుకి ఆ భయమే పట్టుకుంది, మనుషులతోపాటే ఈ పాటలూ పోతాయేమోనని. ఆయన క్రైస్తవుడు, పాశ్చాత్య సంగీతం తెలిసినవాడు. మన కీర్తనల్ని ఆ అయిదు గీతల్లోనే రాసి 1892లో అచ్చు మొదలుపెట్టారు. సొంత డబ్బంతా దానికే పోశారు. దీక్షితులు తమ దగ్గరున్నవి ఓ పట్టాన ఇవ్వలేదు. చివరికి 1899లో మొదలియారు ఎట్టయపురం వెళ్లి రాజావారికే మొర పెట్టుకున్నారు. రాజావారు ఖర్చు పెడతామన్నాక, అరవయ్యేళ్ల దీక్షితులు కాదనలేక పనికి కూర్చున్నారు.

అసలు చిక్కు గమకం దగ్గర. చుక్క పెడితే స్వరమేదో తెలుస్తుంది, సరే. దాని ఊపు, జారు ఎలా చూపిస్తాం? అందుకని సరిగమలనే తెలుగు అక్షరాల్లో వేసి, కంపితానికి అలలాంటి గుర్తు, జారుకి ఏటవాలు గీత, ఇలా ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు పెట్టారు. 1904లో వచ్చింది ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’. దాదాపు 1700 పేజీలు, ముత్తుస్వామి వారి కీర్తనలే రెండువందల పైన! అచ్చయింది తమిళదేశంలో, లిపి మాత్రం మనదే. అప్పట్లో దక్షిణాదిన సంగీతానికి తెలుగే ఇంటిభాష మరి.

1906లో ఆయన పోయారు. కొడుకు అంబి దీక్షితులు మద్రాసులో పాఠాలు చెప్పారు. ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో డి.కె. పట్టమ్మాళ్ ఒకరు. ఆడవాళ్లు కచేరీ వేదిక ఎక్కడమే వింతయిన రోజుల్లో ఆవిడ ఆ కీర్తనల్ని ఊరూరా వినిపించారు.

మొన్న మా అత్తయ్యగారిని కూర్చోబెట్టి లాలిపాట పాడించాను, నాకొచ్చిన నాలుగు సరిగమలతో రాసుకుందామని. ఆవిడేమో పాడిన ప్రతిసారీ ఒక్కోలా పాడతారు. రెండు చరణాలకే రబ్బరు సగం అరిగిపోయింది.