పర్లాకిమిడి పంతులుగారు: గిడుగు వెంకట రామమూర్తి

రాష్ట్రం దాటి ఎన్ని తరాలైనా ఇంట్లో తెలుగే మాట్లాడుకునే మనవాళ్లకి గిడుగు వారి కథ పరాయిది కాదు. అందుకే ఈ సంచికలో ఆయన్ని ఒకసారి తలుచుకుందాం.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకి సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు.

ఆ ఊరి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ల భాష వాళ్లకుంది, ఆ భాషలో చదువు మాత్రం లేదు. పంతులుగారు తెలుగు వచ్చిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని మరీ ఆ భాష నేర్చుకున్నారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు. పుస్తకాలు రాశారు, వ్యాకరణం రాశారు, నిఘంటువూ కూర్చారు.

తెలుగు విషయంలోనూ ఆయన పట్టు అదే. బడిలో గ్రాంథికం, ఇంట్లో వాడుక భాష! పిల్లవాడు తన మాటలో తాను రాయలేకపోతే చదువు ఎలా ఒంటబడుతుంది? శాసనాలూ పాత గ్రంథాలూ తిరగేసి సాక్ష్యాలు చూపించారు. పండితులతో ఏళ్ల తరబడి వాదించారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక నడిపారు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి అందులోకి పోయింది. తెలుగువాళ్లున్న ఊళ్లు అలా పోవడం ఆయనకి మింగుడుపడలేదు. డెబ్భై దాటిన వయసులో, యాభై ఏళ్లకి పైగా బతికిన ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆయన వచ్చేశారు. మనవాళ్లు మాత్రం పర్లాకిమిడిలోనూ బరంపురంలోనూ ఉండిపోయారు. ఉండిపోవడం తప్పు కాదు. ఒడియా, తమిళం, కన్నడం, మరాఠీ మనకి అన్నం పెట్టిన భాషలు, వాటిని బాగా నేర్చుకోవాల్సిందే. సవర నేర్చుకున్న పంతులుగారే అందుకు ఉదాహరణ. కానీ పడుగు, పేక, ఆసు, కండె అనే మాటలు మనకి బడిలో ఎవరూ నేర్పలేదు. అమ్మానాన్నల నోట విని, మగ్గం దగ్గర నేర్చుకున్నాం. మగ్గాలు తగ్గుతున్న ఈ రోజుల్లో ఇంట్లో మాట కూడా ఆగిపోతే ఇక అవి ఎక్కడ దొరుకుతాయి?

ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ రోజు సభలు పెట్టినా పెట్టకపోయినా, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు తెలుగులో మాట్లాడండి. ఆయనకి అదే అసలైన నివాళి.