ఖడ్గబలమా? మేధాబలమా? : ఐజాక్ అసిమోవ్ జీవితం

సైన్యమే రాజ్యమేలితే ఆ రాజ్యం యుద్ధంలో మరింత బలపడుతుందా? ఇది ఎంతో ప్రాచీనమైన ప్రశ్న. ఒకే ఆజ్ఞకు లోబడి నడిచే జాతి, వాదోపవాదాలతో కాలం గడిపే జాతిని సునాయాసంగా జయిస్తుందని నమ్మేవారు ఏ యుగంలోనూ కొరవడలేదు. ఈ ప్రశ్నను భూలోకం నుండి నక్షత్రలోకానికి కొనిపోయి, కథారూపంలో పరీక్షకు నిలిపిన రచయిత ఐజాక్ అసిమోవ్.

అసిమోవ్ రష్యాలోని పెత్రోవిచి అనే పల్లెలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తన జన్మదినంగా ఆయన పాటించినది 1920 జనవరి 2. 1923లో తల్లిదండ్రులు ఆయనను వెంటబెట్టుకొని అమెరికాకు వలసపోయి, న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో స్థిరపడ్డారు. తండ్రి మిఠాయి దుకాణాలు నడిపి కుటుంబాన్ని పోషించాడు. దుకాణంలో పత్రికలు కూడా అమ్మేవారు. చౌకబారు కథలు కుమారుణ్ణి చెడగొడతాయని తండ్రి భయం. అయితే ఒక పత్రిక పేరులో సైన్స్ అనే మాట ఉన్నదని చూపి, ఆ బాలుడు దానిని చదివేందుకు అనుమతి సంపాదించాడు. ఆ చిన్న అనుమతియే ఆయన భావిజీవితానికి ద్వారం తెరిచింది.

కొలంబియా విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం అభ్యసించి 1939లో పట్టభద్రుడైనాడు. ఆయన తొలి కథ అచ్చయినది కూడా ఆ సంవత్సరమే. 1941 ఆగస్టు 1న సంపాదకుడు జాన్ కాంప్‌బెల్‌ను కలుసుకొనుటకు భూగర్భ రైలులో వెళుతుండగా, పతనమవుతున్న ఒక నక్షత్ర సామ్రాజ్యపు కథ ఆయన మనసులో మెదిలింది. అప్పటికి ఆయనకు 21 సంవత్సరాలు. గిబ్బన్ రచించిన రోమక సామ్రాజ్య పతన చరిత్రను అప్పటికే శ్రద్ధగా చదివి ఉన్నాడు. ఐరోపాలో హిట్లరు సేనలు దేశం తర్వాత దేశాన్ని కబళిస్తున్న రోజులవి. ఆ విజయాలు ఎంత భయంకరమైనవైనా, తుదకు చరిత్రగమనం ఆ నియంతను ఓడించక తప్పదన్న నమ్మకమే తనకు ఆనాడు ఊరటనిచ్చిందని ఆయన అనంతర కాలంలో చెప్పుకున్నాడు. ఆ విధంగా పుట్టినదే ఫౌండేషన్ కథామాల. మొదటి కథ 1942లో వెలువడింది.

ఈ కథలలోని సామ్రాజ్యం సుమారు రెండున్నర కోట్ల లోకాలకు విస్తరించినది. దాని అంచున, లోహసంపద లేని ఒక చిన్న గ్రహం మీద కొందరు విద్వాంసులు ఫౌండేషన్ అనే సంస్థను నెలకొల్పుతారు. వారికి చెప్పుకోదగిన సైన్యం లేదు. విజ్ఞానమే వారి ఆయుధం. కొరెల్ అనే రాజ్యపు నియంత వారిపై యుద్ధం ప్రకటించినప్పుడు, హోబర్ మాలో అనే వర్తకుడు కేవలం సరుకుల సరఫరా నిలిపివేస్తాడు. ఇళ్ళలో పరికరాలు పాడవుతాయి, కర్మాగారాలు మూతపడతాయి. చెప్పుకోదగిన పోరాటమే లేకుండా మూడేళ్ళలో కొరెల్ లొంగిపోతుంది.

1945లో ప్రచురితమైన సేనాని కథ ఇంకను లోతైనది. బెల్ రియోస్ అనే సమర్థుడైన సేనాధిపతి ఫౌండేషన్‌ను జయించే స్థితికి వస్తాడు. సరిగ్గా అప్పుడే చక్రవర్తి అతనిని వెనుకకు పిలిపించి, రాజద్రోహం మోపి మరణదండన విధిస్తాడు. కారణం సులభగ్రాహ్యం. బలహీనుడైన సేనాని గెలువలేడు. చక్రవర్తి బలహీనుడైతే, బలవంతుడైన సేనాని పరదేశాన్ని విడిచి సింహాసనం వైపే కత్తి తిప్పుతాడు. చక్రవర్తి కూడా బలవంతుడైతే, అటువంటి సేనానిని బ్రతుకనీయడు. కత్తితో నిలిచిన సింహాసనానికి శత్రువు విజయం కంటె స్వపక్షపు విజయమే ఎక్కువ భయం కలిగిస్తుంది. ఈ పాత్రకు మూలం ఆరవ శతాబ్దపు సేనాని బెలిసారియస్. 540లో ఇటలీలో విజయశిఖరాన ఉన్న అతనిని చక్రవర్తి జస్టీనియన్ వెనుకకు పిలిపించాడు.

అయితే అసిమోవ్ ఏకపక్షంగా తీర్పు చెప్పలేదు. ఆ తర్వాతి కథలో మ్యూల్ అనే ఒక్క విజేత ఫౌండేషన్‌నే కూలదోస్తాడు. కాని అప్పటికి ఫౌండేషన్‌లో పాలన వంశపారంపర్యమై, వర్తకులు తిరుగుబాటుకు సిద్ధమై ఉంటారు. నియంతృత్వపు తెగులు పౌరపాలనకు సోకినా ఫలితం ఒక్కటే.

ఈ కథలు వ్రాసే కాలంలోనే, 1942 నుండి 1945 వరకు, ఆయన ఫిలడెల్ఫియా నౌకాకేంద్రంలో రసాయన శాస్త్రజ్ఞుడుగా పనిచేశాడు. యుద్ధానంతరం కొద్ది నెలలు సైన్యంలోనూ సేవచేశాడు. ఆ నౌకాకేంద్రంలోనే పనిచేసిన మరొక రచయిత, పూర్వ నౌకాదళాధికారి రాబర్ట్ హైన్‌లైన్ 1959లో స్టార్‌షిప్ ట్రూపర్స్ నవలలో భిన్నమైన సమాజాన్ని ఊహించాడు. అందులో దేశసేవ ముగించినవారికే ఓటుహక్కు. ఐతే ఆ నవలలో సైతం, సేవలో ఉన్నంతకాలం సైనికునికి ఓటు లేదు. ఆయుధాన్నీ అధికారాన్నీ ఒకే చేతికి ఇవ్వడానికి హైన్‌లైన్ కూడా సంకోచించాడన్నమాట.

1948లో డాక్టరేటు పొందిన అసిమోవ్, మరుసటి సంవత్సరం బోస్టన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడుగా చేరాడు. 1958 నుండి బోధన విరమించి రచనకే అంకితమైనాడు. 1966లో ఫౌండేషన్ కథామాల సర్వకాల ఉత్తమ శ్రేణిగా హ్యూగో పురస్కారం అందుకొన్నది. వందలాది గ్రంథాలను లోకానికి అందించి, 1992 ఏప్రిల్ 6న ఆయన న్యూయార్కులో కన్నుమూశాడు.

సైన్యం అనవసరమని అసిమోవ్ జీవితం చెప్పదు. ఆయన స్వయంగా యుద్ధకాలంలో నౌకాదళానికి పనిచేసినవాడే. సైన్యం రాజ్యానికి కవచం. కవచానికి దేహాన్ని నడిపే శక్తి లేదు. సమర్థుని చూచి జడిసే పాలన, ప్రశ్నించేవానిని శిక్షించే పాలన, తన బలాన్ని తానే నరుక్కుంటుంది. కళాశాలలో ప్రశ్నించడం నేర్చుకొంటున్న విద్యార్థి సైతం, ఈ దృష్టితో చూస్తే, దేశరక్షణలో భాగస్వామియే.