సైనికుల ప్రార్థన నుంచి పల్లె ప్రజల చెంతకు.. మెదక్ చర్చి నిర్మాత పాస్నెట్ జీవన ప్రస్థానం

వనపర్తి: క్రిస్మస్ వచ్చిందంటే తెలంగాణ నలుమూలల నుంచి భక్తులు మెదక్ బాట పడతారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల వారూ వారిలో ఉంటారు. ఆకాశాన్నంటే ఆ ఆలయాన్ని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ పేరు చాలామందికి సుపరిచితమే. అయితే ఆయన మన గడ్డపై తొలుత అడుగుపెట్టింది రైతు కూలీల కోసం కాదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని ఆంగ్ల సైనికుల కోసం ప్రార్థనలు జరిపించేందుకు వచ్చిన మత గురువు ఆయన. సైనికుల నడుమ మొదలైన ఆ సేవ కరవు పీడితుల ఆకలి తీర్చే మహా నిర్మాణంగా పరిణమించిన తీరు నేటికీ స్మరణీయం.

కంటోన్మెంట్‌లో తొలి అడుగు

ఇంగ్లండుకు చెందిన వెస్లియన్ మెథడిస్టు సంఘం పక్షాన పాస్నెట్ 1895లో సికింద్రాబాద్ చేరుకున్నారు. మూడో నిజాం సికిందర్ జా పేరిట 1806లో ఏర్పడిన ఈ కంటోన్మెంట్ అప్పటికే దక్కనులోని పెద్ద సైనిక స్థావరాల్లో ఒకటిగా ఎదిగింది. తిరుమలగిరి, బొల్లారం ప్రాంతాల్లో బారకులు, వాటి సమీపంలో ప్రార్థనా మందిరాలు వెలిశాయి. బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. తిరుమలగిరి సైనికులకు ఆరాధనలు జరిపించడం, రోగులను పరామర్శించడం, మరణించిన వారికి అంత్యక్రియల ప్రార్థన చేయడం వంటివి సైనిక మత గురువుల విధులు.

ఆనాటి సైనికుని జీవితం పైకి కనిపించినంత వైభవమైనది కాదు. స్వదేశం వేల మైళ్ల దూరంలో ఉండేది. ఉత్తరం చేరడానికి వారాలు పట్టేది. సామాన్య సైనికుల్లో కొద్దిమందికే భార్యను వెంట ఉంచుకునే అనుమతి లభించేది. యుద్ధంలో తగిలే తూటా కన్నా కలరా, మలేరియా వంటి వ్యాధులే ఎక్కువ మందిని బలిగొనేవి. కంటోన్మెంట్ శ్మశానాల్లో సైనికుల సమాధుల పక్కనే వారి భార్యల, పసిబిడ్డల సమాధులు ఉండటం దేశమంతటా కనిపించే దృశ్యమే. పాస్నెట్ వచ్చిన రెండేళ్లకు, 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది సికింద్రాబాద్‌లోనే కావడం గమనార్హం.

తుపాకీ చేతబట్టి ఆరాధనకు

సైనికులకు ఆదివారం ఆరాధన కూడా కవాతులో భాగమే. 1857 మే 10న మీరట్‌లో తిరుగుబాటు చెలరేగింది ఆదివారం సాయంత్రం, ఆంగ్లేయులు చర్చికి సిద్ధమవుతున్న వేళ. ఆ అనుభవంతో తర్వాతి కాలంలో దేశంలోని కంటోన్మెంట్లలో సైనికులు తుపాకులతోనే చర్చికి హాజరయ్యే ఆచారం ఏర్పడింది. తుపాకీ ఆనించేందుకు వీలుగా బల్లలకు గాట్లు పెట్టించారు. ఒక చేత ఆయుధం, మరో చేత ప్రార్థనా గ్రంథం.. సైనిక ప్రార్థనలోని ఈ వైరుధ్యం ఆనాటి మత గురువులందరికీ నిత్యం కళ్లెదుట ఉన్నదే.

గుర్రంపై మెదక్‌కు

కంటోన్మెంట్ సేవ పాస్నెట్‌కు తృప్తినివ్వలేదు. గోడల వెలుపల ఉన్న పల్లె ప్రజలే తన గమ్యమని నిశ్చయించుకున్నారు. 1896లో గుర్రంపై ప్రయాణించి మెదక్ చేరుకున్నారు. తొలుత డాక్ బంగళాలో బస చేసి, అనంతరం స్థలం సంపాదించి అక్కడే స్థిరపడ్డారు. ఆయన సోదరి ఎమిలీ పాస్నెట్ కూడా మెదక్ కేంద్రంగా సేవలందించారు. వైద్యం, విద్య, బోధకుల శిక్షణ ఆ కేంద్రంలో ఒక్కొక్కటిగా రూపుదిద్దుకున్నాయి. ఊరి చివరి వాడల్లో అంటరానివారుగా బతికిన మాల, మాదిగ కుటుంబాలే ఎక్కువగా ఆ సంఘంలో చేరాయి. బడి మెట్లెక్కే హక్కు లేని పిల్లలకు అక్షరం అందింది.

యుద్ధం.. కరవు.. ఆలయం

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. హైదరాబాద్ సంస్థానం నుంచి లాన్సర్ల దళం సముద్రాలు దాటి ఈజిప్టు, పాలస్తీనా రణరంగాలకు తరలింది. ఢిల్లీ తీన్‌మూర్తి వద్ద నిలిచిన ముగ్గురు సైనికుల విగ్రహాల్లో ఒకటి ఆ హైదరాబాద్ దళానికి గుర్తే. యుద్ధానికి పోయినవారి ఇళ్లలో ఎదురుచూపులు, పల్లెల్లో ధరల మంట, దానికి తోడు కరవు. 1918లో వానలు మొహం చాటేశాయి. అదే ఏడాది బొంబాయి రేవు మీదుగా ప్రబలిన విషజ్వరం దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది.

ఇటువంటి కాలంలోనే మెదక్‌లో ఆలయ నిర్మాణం సాగింది. ఆకలితో వచ్చిన వారికి ఊరకే భిక్ష పెట్టకుండా, పని కల్పించి తిండి గింజలు అందించే మార్గాన్ని పాస్నెట్ ఎంచుకున్నారు. రాళ్లు మోసినవారు, సున్నం కలిపినవారు, గోడలు లేపినవారు తమ చెమటతోనే కుటుంబాలను పోషించుకున్నారు. తర్వాతి తరాలు పనికి ఆహార పథకంగా, ఉపాధి హామీగా చూసిన ఆలోచనకు అది ముందు నడిచిన రూపం. కరవుకు, వలసకు మారుపేరైన పాలమూరు పల్లెలకు ఆ పని విలువ ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

పదేళ్ల శ్రమ అనంతరం 1924 డిసెంబరు 25న ఆలయాన్ని ప్రతిష్ఠించారు. 175 అడుగుల గోపురం, సుమారు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, అయిదు వేల మంది కూర్చునే విశాలమైన మందిరం. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణ ఘట్టాలను చిత్రించిన రంగు అద్దాల కిటికీలు సూర్యకాంతికి మెరిసిపోతాయి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడటంతో ఇది మెదక్ అధ్యక్ష మండలానికి కేథడ్రల్ అయింది. నాలుగు దశాబ్దాలకు పైగా తెలుగు నేలపై సేవ చేసిన పాస్నెట్ 1950లో కన్నుమూశారు. 2024 డిసెంబరులో ఆలయం శతాబ్ది వేడుకలు జరుపుకుంది.

మన ప్రాంతంలో మరో మార్గం

నాడు మిషనరీ సంఘాలు ప్రాంతాలను పంచుకుని పనిచేసేవి. మెదక్ వెస్లియన్ల పరిధి కాగా, నాగర్‌కర్నూలు, వనపర్తి ప్రాంతాల్లో మెన్నొనైట్ బ్రదరెన్ సంఘం వేళ్లూనుకుంది. ఆయుధం పట్టరాదన్నది మెన్నొనైట్ల తరతరాల విశ్వాసం. 1874లో రష్యా నిర్బంధ సైనిక సేవను చట్టం చేసిన కాలంలో వేలాది మెన్నొనైట్ కుటుంబాలు పుట్టిన ఊళ్లు విడిచి అమెరికా వలస వెళ్లాయి. నాగర్‌కర్నూలుతో సహా పలు కేంద్రాల్లో రోగులకు సేవ చేసిన డాక్టర్ కేథరీనా షెలెన్‌బర్గ్ కుటుంబం 1879లో అలా వలస వెళ్లినదే. ఆమె 1907లో మన దేశం వచ్చి, 1945లో మరణించే వరకు ఇక్కడే ఉన్నారు.

ఒకరు సైనికుల బారకుల నుంచి బయలుదేరారు. మరొకరు సైన్యానికి దూరంగా తరలిపోయిన వంశంలో పుట్టారు. ఇద్దరూ చేరుకున్నది తెలంగాణ పల్లె పేదల గడపకే.

నేటికీ అదే ప్రార్థన

నేటి భారత సైన్యంలో అన్ని మతాల సైనికుల కోసం జూనియర్ కమిషన్డ్ అధికారి హోదాలో మత గురువులు పనిచేస్తున్నారు. క్రైస్తవ జవాన్లకు పాదిరీ, ఇతరులకు పండిట్, మౌల్వీ, గ్రంథి అండగా ఉంటారు. అనేక శిబిరాల్లో సర్వధర్మ స్థలం పేరిట ఒకే కప్పు కింద అందరూ ప్రార్థిస్తారు. సరిహద్దులో ఉన్న కుమారుని కోసం పల్లెలో తల్లి మోకరించినా, దీపం వెలిగించినా కోరుకునేది క్షేమంగా తిరిగి రావడమే.

ఆ తల్లి పక్కన నిలబడటం ప్రార్థనలో సగమని పాస్నెట్ జీవితం చాటుతుంది. జవాను ఇంటి పొలం పనికి సాయం పట్టడం, పిల్లల చదువు వాకబు చేయడం, అమరుడైతే ఆ కుటుంబాన్ని నాలుగు రోజుల తర్వాత మరచిపోకుండా ఉండటం.. ఇవి ఊరు చేయగల పనులే. యుద్ధకాలంలో అన్నం పెట్టి కట్టిన ఆలయం నూరేళ్లు దాటి నిలిచింది. ఈసారి మెదక్ వెళ్లే పాలమూరు భక్తులు ఆ రాళ్లను మోసిన చేతులనూ ఒకసారి తలచుకుంటే సముచితంగా ఉంటుంది.