ఉపాధ్యాయునే పరిశీలించిన వైద్యురాలు – మరియా మాంటిస్సోరి

మాంటిస్సోరి అను పేరు మన పట్టణములలోని శిశుపాఠశాలల నామఫలకములపై తరచు కనబడుచుండును. రంగురంగుల కొయ్యముక్కలతో పిల్లలను ఆడించు పద్ధతికే ఆ పేరని పలువురు తలచుచుందురు. ఆ కొయ్యముక్కలు ఆమె చేయించినవే. కాని నలుబది యేండ్లకు పైగా ఆమె వెదకిన విషయము వేరు. తరగతిలో నిలిచియున్న పెద్దమనిషి తొందర, కోపము, మెప్పు, అపనమ్మకము ఎదుటనున్న పసివాని చదువును ఎట్లు మార్చుచున్నవో చూచుట ఆమె చేసిన పనియందెల్ల ముఖ్యమైనది.

ఆమె 1870 ఆగస్టు 31వ తేదీన ఇటలీ దేశమునందు అంకోనా నగరమునకు చేరువనున్న కియరవల్లె అను చిన్న ఊర జన్మించెను. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. చదువుకొన్న ఆడుబిడ్డకు ఉపాధ్యాయ వృత్తి యొక్కటే తగినదని ఆనాటి పెద్దల తలంపు. ఆ ఒక్కటి తప్ప మరేదైనను సమ్మతమేయని ఆ బాలిక పట్టు! తల్లి రెనిల్దె కుమార్తె పక్షమున నిలిచెను. మగపిల్లలు చదువు సాంకేతిక పాఠశాలలో చేరి, ఇంజనీరు కాదలచి, తుదకు వైద్యమునకు మరలి, 1896లో రోము విశ్వవిద్యాలయమునుండి ఆమె వైద్యపట్టము పొందెను. పురుషుల నడుమ స్త్రీ శవపరీక్ష చేయరాదని, అందరును వెడలిన పిమ్మట ఒంటరిగా ఆ పని నేర్చుకొనవలసి వచ్చెడిది.

పట్టము చేతికి వచ్చిన పిదప మానసిక చికిత్సాలయమున పనిచేయుచు, పిచ్చివారితో కలిపి ఉంచబడిన మందబుద్ధులైన పిల్లలను ఆమె చూచెను. వీరికి కావలసినది ఔషధము కాదు, విద్యయని తోచెను. ఫ్రెంచి వైద్యులగు ఇటార్, సెగెన్‌ల గ్రంథములను ఇటాలియను భాషలో తన చేతితో వ్రాసికొని, ప్రతి మాటను తూచి చదివెను. 1900లో అట్టి పిల్లల కొరకు రోములో నెలకొల్పిన శిక్షణాలయమునకు సహసంచాలకురాలై, పగలు వారితోను, రాత్రి తన వ్రాతలతోను గడపెను. ఆ పిల్లలలో కొందరు చదువను వ్రాయను నేర్చి, సామాన్య బాలురు కూర్చుండు పరీక్షకు కూర్చుండి కృతార్థులైరి. అందరును ఆశ్చర్యపడిరి. ఆమెకు మాత్రము వేరొక దిగులు పట్టుకొనెను. మందబుద్ధులు ఇంత చేయగలిగినప్పుడు, ఆరోగ్యవంతులైన పిల్లలు అంతమట్టుననే ఏల నిలిచిపోవుచున్నారు? లోపము పిల్లలదా, వారిని కదలకుండ కూర్చుండబెట్టిన బడిదా?

ఈ కాలముననే ఆమె జీవితమున ఒక గాయము తగిలెను. సహోద్యోగియగు మోంతెసానో అను వైద్యునివలన ఆమెకు 1898లో మారియో అను కుమారుడు కలిగెను. వివాహము జరుగలేదు. లోకనిందకు వెరచి బిడ్డను పల్లెలోని ఒక కుటుంబమున పెంపునకు ఇచ్చి, చుట్టపుచూపుగ పోయి చూచి వచ్చెడిది. తల్లి మరణించిన తరువాతనే, అనగా 1912 గడచినపిదప, ఆ బాలుడు ఆమెను చేరెను. పరుల బిడ్డలను గూర్చి అంత తెలిసిన తల్లి తన బిడ్డను కన్నులార పెంచుకొనలేకపోయినది. ఆమెను తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు.

1907 జనవరి 6వ తేదీన రోములోని సాన్ లొరెంజో పేటలో ఆమె మొదటి శిశుగృహము తెరవబడెను. అది కూలివారి పేట. తలిదండ్రులు పనికి పోగా పిల్లలు మెట్లపై తిరుగుచు, క్రొత్తగా బాగుచేసిన ఇండ్ల గోడలు పాడుచేయుచుండిరి. ఆ నష్టము తప్పించుకొనుటకే ఇండ్ల యజమానులు ఈ వైద్యురాలిని పిలిచిరి. ఇంచుమించు ఏబదిమంది పిల్లలు. ఆరేండ్లకు మించినవారు లేరు. శిక్షణ పొందిన ఉపాధ్యాయిని దొరకక, పెద్దచదువు లేని ఒక యువతిని పెట్టుకొనిరి. అది తన అదృష్టమని ఆమె తరువాత తలచెను. బడిపంతుళ్ల పాత అలవాట్లు ఆ యువతికి లేవు గదా!

అక్కడ ఆమె పాఠము చెప్పుట కంటె చూచుటయే ఎక్కువ. ఒకనాడు మూడేండ్ల బాలిక యొకతె కొయ్యదిమ్మలను వాని వాని గుంటలలో అమర్చుచు, తీయుచు, మరల అమర్చుచుండెను. ఆ యేకాగ్రత ఎంతటిదో తెలిసికొనగోరి, తక్కిన పిల్లలను చుట్టు చేరి పాడుడని చెప్పెను. బాలిక తలయెత్తలేదు. కుర్చీతో సహా ఎత్తి బల్లపై పెట్టగా, దిమ్మలను ఒడిలో పెట్టుకొని పని సాగించెను. నలుబదిమారులకు పైగా అట్లు చేసి, అలసట లేక, విశ్రాంతి పొందినదానివలె లేచెను. అట్టి సమయమున ఉపాధ్యాయుడు చేయు సాయము, పలుకు శభాషు కూడ ఆ దారమును తెంచునని ఆమె గ్రహించెను.

మరియొకనాడు వస్తువుల బీరువాకు తాళము వేయుట మరచిరి. ఉపాధ్యాయిని ఆలస్యముగా వచ్చి చూడగా, పిల్లలు తమకు కావలసినవి తామే తీసికొని పనిచేసికొనుచుండిరి. ఆ యువతికి అది దొంగతనముగా తోచి శిక్షింపబోయెను. మాంటిస్సోరికి అదియే మార్గముగా తోచెను. పిల్లలకు ఏది కావలెనో వారికి తెలియును! ఆపైన అందరికి అందునట్టి, తాళము లేని చిన్న బీరువాలు వచ్చినవి.

ముక్కు చీదుట ఎట్లో ఒకనాడు ఆమె పిల్లలకు చూపెను. చేతిగుడ్డను మడచి, సద్దు లేకుండ తుడుచుకొనుటయే పాఠము. ముగియగానే పిల్లలందరును చప్పట్లు చరచిరి. ఆమె నివ్వెరపోయెను. ముక్కు విషయమై ఆ పసివాండ్రు ప్రతిదినము తిట్లు తినుచుండిరిగాని, ఎట్లు తుడుచుకొనవలెనో ఒక్కరును మర్యాదగా చూపియుండలేదు. ఈ కథ చదివినప్పుడెల్ల, చేతివ్రాత బాగులేదని మొట్టికాయ తినిన మన చిన్ననాటి తరగతులు నాకు జ్ఞప్తికి వచ్చును.

1909లో ఆమె తన పద్ధతిని గ్రంథముగ ప్రకటించెను. బోధించువారిని ఉపాధ్యాయిని యనక, సంచాలకురాలని పిలిచెను. ఉపాధ్యాయుడు మొదట పరిశీలింపవలసినది తన్ను తానేయనియు, గర్వము, కోపము అను రెండు దోషములు తనలో ఎచ్చట దాగినవో వెదకవలెననియు ఆమె తరువాతి గ్రంథములలో వాదించెను. ఎదురాడలేని పసివానియెదుట పెద్దవాని కోపము న్యాయమను వేషము వేసికొనునని ఆమె భావము.

ఆక్షేపణలు రాకపోలేదు. 1914లో అమెరికా విద్యావేత్త కిల్పాట్రిక్, ఆమె పరికరములు బిగువుగానున్నవని, పిల్లల ఊహకు, కలసి పనిచేయుటకు తావు చాలదని వ్రాసెను. అందు కొంత నిజము కలదు. ఇంతకు మించిన చిక్కు వేరొకటి. పిల్లలపై అధికారము వదలుకొనుడని ఉపాధ్యాయులకు చెప్పిన ఆమె, తన పద్ధతిపై అధికారమును మాత్రము వదలుకొనలేదు. తన అనుమతి లేక ఇతరులు శిక్షణ ఇచ్చుటకు సమ్మతింపలేదు.

ఆమె పరిశీలనలు నేటి పరిశోధకులు కోరు సంఖ్యలు కావు. ఉపాధ్యాయుని భావము విద్యార్థిపై పనిచేయుననుటకు లెక్కలు తరువాత వచ్చినవి. 1968లో రోసెన్తాల్, జేకబ్‌సన్‌లు కాలిఫోర్నియాలోని ఒక పాఠశాలను గూర్చి గ్రంథము ప్రకటించిరి. ఊరక చీట్లు తీసినట్లు ఎంచిన పిల్లలను త్వరలో వికసింపగలవారని ఉపాధ్యాయులకు చెప్పగా, చిన్న తరగతులలో అట్టివారి బుద్ధిపరీక్ష ఫలితములు తక్కినవారికంటె హెచ్చినవి. ఆ లెక్కలపైనను పండితులు వాదించుకొనిరి.

1924 మొదలు ముస్సోలినీ ప్రభుత్వము ఆమె బడులకు అండనిచ్చెను. ఆమె ఆ అండను స్వీకరించెను. ఇది ఆమె చరిత్రలో మచ్చ. తానుగ ఎంచుకొను పిల్లవాడును, ఆజ్ఞకు వరుసలో నిలుచు పిల్లవాడును ఒకే బడిలో ఇమడరు. 1934లో తెగతెంపులు జరిగినవి; 1936 నాటికి ఇటలీలో ఆమె బడులు మూతబడెను. ఆ యేడే స్పెయినులో అంతర్యుద్ధము రాగా, తానుండిన బార్సిలోనా విడిచి, ఇంగ్లండు మీదుగ హాలండు చేరెను.

1939లో దివ్యజ్ఞానసమాజమువారి ఆహ్వానమున కుమారునితో మద్రాసు నగరమునందలి అడయారునకు వచ్చెను. ఆనాడు మన సర్కారు, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే. మొదటి శిక్షణకు దేశము నలుమూలలనుండి సుమారు మూడువందలమంది చేరిరి. మరుసటి యేడు జూన్‌లో ఇటలీ యుద్ధమున దిగగా, బ్రిటిష్ ప్రభుత్వము మారియోను శత్రుదేశీయుడని నిర్బంధించి, ఆమెను అడయారు ఆవరణము దాటవలదనెను. ఆగస్టు 31న, ఆమె డెబ్బదవ జన్మదినమున, కుమారుని విడిచిపెట్టిరి. తరువాత కొడైకెనాలు కొండలలో ఆమె బోధన సాగెను. కొద్దికాలమునకని వచ్చిన ఆమె 1946 వరకు ఇచ్చటనే నిలిచిపోయెను. 1947లో మరల వచ్చి, 1949లో కడసారి వెడలెను.

1952 మే 6వ తేదీన హాలండులోని నోర్డ్‌విక్ అను సముద్రతీరపు ఊర ఆమె మరణించెను. వయస్సు ఎనుబదియొకటి. ఆఫ్రికాకు పోయి అచ్చటి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చు విషయమై ఆ దినములలో ఆమె కుమారునితో మాటలాడుచుండెను.