ప్రార్థన వేళను వదులుకోని తల్లి – సూసన్నా వెస్లీ

మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ పేరు, వేలాది కీర్తనలు రచించిన ఆయన తమ్ముడు చార్లెస్ వెస్లీ పేరు క్రైస్తవ కుటుంబాలలో ఎరుగనివారు అరుదు. వారి తల్లి సూసన్నా పేరు మాత్రం ఏ స్త్రీల సమాజపు కూటంలోనో ఒకమారు వినబడి మరుగుపడిపోతుంది. పందొమ్మిదిమంది బిడ్డలను కని, వారిలో తొమ్మిదిమందిని పసితనంలోనే మట్టికి అప్పగించి, అప్పుల నడుమ సంసారాన్ని ఈది, ఇంటినే బడిగా మార్చి బిడ్డలకు స్వయంగా విద్య నేర్పిన ఈ తల్లి, దేవుని సన్నిధిలో గడిపే వేళను మాత్రం ఏ పనికీ బలిపెట్టలేదు. తీరిక లేదని చెప్పే హక్కు ఎవరికైనా ఉన్నదంటే అది ఆమెకే ఉన్నది. ఆమె ఆ హక్కును వాడుకోలేదు.

ఆమె 1669 జనవరి 20వ తేదీన లండన్ నగరంలో జన్మించింది. తండ్రి సామ్యూల్ ఆనెస్లీ, ఆంగ్ల ప్రభుత్వ సంఘంలో చేరని బోధకులలో ప్రముఖుడు. ఆ పెద్ద కుటుంబంలో సూసన్నా కడగొట్టు బిడ్డ. పదమూడేండ్లయినా నిండకమునుపే ఇరుపక్షాల వాదాలను తానే పరిశీలించి, తండ్రి మార్గాన్ని విడిచి ఇంగ్లాండు సంఘంలో చేరింది. తండ్రి ఆమెపై ప్రేమను తగ్గించుకోలేదు. 1688లో సామ్యూల్ వెస్లీ అనే యువ గురువును వివాహమాడి, కొన్నేండ్లకు లింకన్ షైర్ లోని ఎప్వర్త్ అనే పల్లెకు కాపురం వచ్చింది.

భర్త పండితుడు, కవి. కాని డబ్బు నిలుపుకోవడం తెలియనివాడు. 1702లో ఒకనాడు, రాజు విలియం కొరకు తాను చేసిన ప్రార్థనకు భార్య ఆమేన్ అనలేదని కోపించి, ఇల్లు విడిచి కొన్ని నెలలు లండనులో ఉండిపోయాడు. ఆ రాజుకు సింహాసనంపై హక్కు లేదని ఆమె మనస్సాక్షి చెప్పినది. అందుచేత పెదవులతో మాత్రం ఆమేన్ పలుకలేకపోయింది. వారు మరల ఏకమైన పిమ్మట 1703లో జన్మించినవాడే జాన్. 1705లో అప్పు తీర్చలేక సామ్యూల్ లింకన్ చెరసాల పాలైనప్పుడు, పంపడానికి మరేమీ లేక ఆమె తన ఉంగరాలను పంపింది. ఆయన వాటిని తిప్పి పంపాడు.

ఇట్టి ఇంటిలో ఏకాంత ప్రార్థనకు చోటెక్కడిది? యౌవనంలోనే ఆమె తనకొక నియమం విధించుకొన్నది: ఒక దినంలో వినోదానికి ఎంత సమయం వెచ్చించునో, ఏకాంత భక్తికి అంతకు తక్కువ కాకూడదు. బిడ్డలు పెరిగేకొద్దీ వినోదమనే మాట దాదాపు మాసిపోయి, భక్తి వేళ మాత్రం మిగిలింది. ఉదయం ఒక గంట, సాయంకాలం ఒక గంట ఆమె ఒంటరిగా గడిపేది. ఆమె ధ్యానాలు వ్రాసుకొన్న పుస్తకంలో ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం అనే శీర్షికలు కనబడతాయి. తన మనస్సును తానే నిలదీసుకొన్న వ్రాతలవి. తలుపు మూసుకొనే గది దొరకనప్పుడు ముందు కట్టుకొన్న ఏప్రను తలపైకి కప్పుకొని కూర్చునేదనీ, అప్పుడు పిల్లలు సద్దు చేయకుండా తప్పుకొనేవారనీ తరతరాలుగా చెప్పుకొంటారు. ఆమె వ్రాతలలో ఇది లేదు. లేకపోయినా, వంటింటి పనిలో మునిగిన తల్లులకు ఈ కథ చెప్పినప్పుడు వారి ముఖాలలో కలిగే కదలికను నేను చూచియున్నాను. నా మట్టుకు నాకు, హాజరుపట్టీలూ జీతాల పద్దులూ బల్లపై పేరుకొన్న ఉదయాలలో, మొదటి గంట మ్రోగకముందే మనస్సు పరుగెత్తిపోయిన దినాలెన్నో ఉన్నవి.

ఆమె నడిపిన బడిని గూర్చి, పెద్దవాడైన జాన్ కోరగా 1732లో ఒక లేఖలో తానే వివరించింది. ఉపాధ్యాయులమైన మనకు ఆ లేఖ ఒక నిధి. బిడ్డకు ఐదేండ్లు నిండిన మరుసటి దినం అక్షరాభ్యాసం. ముందునాడే ఇల్లు సర్ది, ఎవరికి ఏ పని అన్నది నిర్ణయించేవారు. ఉదయం తొమ్మిది నుండి పన్నెండు వరకు, మరల రెండు నుండి ఐదు వరకు ఆ గదిలోనికి మరెవ్వరూ రాకూడదు. ఒక్క దినంలో అక్షరాలన్నీ వచ్చేవట. ఇద్దరు కూతుళ్లకు మాత్రం ఒకటిన్నర దినం పట్టిందని, వారిని మందబుద్ధులని తాననుకొన్నట్లు ఆమె ఒప్పుకొన్నది. అక్షరాలు రాగానే ఆదికాండము మొదటి అధ్యాయమే వాచకం. చక్కగా చదవడం రాకముందు ఏ ఆడపిల్లనూ కుట్టుపనికి పెట్టకూడదన్నది ఆమె కట్టడి. ఆ కాలపు ఇంగ్లాండులో ఇది సామాన్యమైన మాట కాదు. ఏడాది నిండిన బిడ్డకే బెత్తపు భయం నేర్పి, ఏడ్చినా మెల్లగా ఏడ్వాలన్న ఆమె పద్ధతిని మాత్రం నేను సమర్థించలేను.

1709 ఫిబ్రవరి 9 రాత్రి వారి ఇల్లు కాలిపోయింది. ఐదేండ్ల జాన్ మేడమీద చిక్కుకోగా, పొరుగువారు ఒకరి భుజాలపై ఒకరు నిలిచి కిటికీ గుండా దింపారు. పుస్తకాలు, బట్టలు అన్నీ బూడిదయ్యాయి. బిడ్డలు పలు ఇండ్లలో చెదరిపోయి, చెడు మాటలు నేర్చి, ప్రభుదినాచారాన్ని మరచారు. మరల ఒకచోట చేరిన పిమ్మట ఆమె బడిని కీర్తనతో ఆరంభించి కీర్తనతో ముగించే ఆచారం పెట్టింది. ఐదు గంటలకు పెద్దబిడ్డలు చిన్నబిడ్డలను చేరదీసి లేఖన భాగాలు చదివించేవారు.

ఇక్కడ తమిళనాటి వారమైన మనకు సంతోషం కలిగించే విషయమొకటి ఉన్నది. 1706లో తరంగంబాడి రేవులో దిగిన జీగెన్ బాల్గ్, ప్లూట్చౌ అనే మిషనరీల వృత్తాంతం లండనులో అచ్చయింది. పెద్దకూతురు ఎమీలియా తండ్రి పుస్తకాల గదిలో దానిని చూచి తల్లికి చదివి వినిపించింది. ఆ కథ సూసన్నాను ఎన్నో దినాలు విడువలేదు. తాను పురుషుడు కాదు, బోధకుడు కాదు. అయినా తన చేతిలో ఉన్నవారి కొరకు ఇంకా ఏమి చేయగలదని ఆలోచించింది. ఫలితంగా వారంలో ప్రతి సాయంకాలం ఒక్కొక్క బిడ్డతో ఏకాంతంగా కూర్చొని వారి ఆత్మ క్షేమం విచారించసాగింది. గురువారం జాన్‌ది, శనివారం చార్లెస్‌ది. కావేరీ తీరాన నాటిన విత్తనమొకటి లింకన్ షైర్ పల్లెలో ఇట్లు మొలకెత్తినది. ఆ తరంగంబాడి మిషనుకే వచ్చిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసులో బైబిలును తెనిగించ పూనుకొన్నాడు.

1712 ప్రాంతాన భర్త లండనులో ఉండగా, ఆదివారం సాయంకాలం ఆమె బిడ్డలకు ప్రార్థనలు, ఒక ప్రసంగం చదివి వినిపించేది. పనివారు విని తమ తల్లిదండ్రులను తెచ్చారు. వారిని చూచి మరికొందరు వచ్చారు. చివరకు రెండు వందలకు పైబడి చేరి, చోటులేక కొందరు తిరిగిపోయారు. సహాయ గురువు ఫిర్యాదు వ్రాశాడు. మాన్పించుమని భర్త సూచించగా, సలహా చాలదనీ, స్పష్టంగా ఆజ్ఞాపిస్తే మానుతాననీ, ఆ ఆత్మల లెక్క తీర్పు దినాన ఆయనే చెప్పుకోవలసి వస్తుందనీ ఆమె జవాబు వ్రాసింది. ఆజ్ఞ రాలేదు.

ఇంత భక్తికి సుఖం ప్రతిఫలంగా రాలేదు. కూతుళ్లలో కొందరి వివాహాలు కన్నీటితోనే నడిచాయి. ఎంతో తెలివిగల మెహెటబెల్ బ్రదుకు మరీ విషాదం. 1735లో భర్త మరణించిన పిమ్మట సూసన్నా బిడ్డల ఇండ్లలో తలదాచుకొని, చివరి యేండ్లు లండనులో, మునుపు ఫిరంగులు పోతపోసిన శాలను జాన్ ప్రార్థనాలయంగా మార్చిన చోట గడిపింది. 1742 జూలైలో అక్కడనే కన్నుమూసింది. తాను విడుదల పొందగానే స్తుతికీర్తన పాడమని బిడ్డలను ముందే కోరియున్నది. చార్లెస్ ఊరిలో లేడు. జాన్, అతని సోదరీమణులు మంచము చుట్టు నిలిచి ఆ కీర్తన పాడారు.