హిమాలయముల నుండి ప్రయోగశాలకు: స్వామి జ్ఞానానంద

పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడి గ్రామమున 1896 డిసెంబరు 5వ తేదీన జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు నరసాపురమున చదువుచుండగనే తత్త్వచింతనవైపు మొగ్గిరి. యౌవనముననే ఇల్లు విడిచి హిమాలయములకేగి, పదేండ్లకు పైబడి యోగసాధన గావించి, జ్ఞానానందులైరి. అట్టి విరాగికి ప్రయోగశాలతో నేమి పని యని లోకమడుగును. ఆ ప్రశ్నకు వారి శేషజీవితమే సమాధానము.

1927లో వారు జర్మనీకేగిరి. యోగవేదాంతములను బోధించుటకు పోయిన ఆ సన్న్యాసిని ఐన్‌స్టీను సాపేక్షసిద్ధాంతము ఆకర్షించెను. ముప్పదియేండ్లు దాటిన వయస్సున, నూనూగు మీసాల యువకుల సరసన డ్రెస్డెనులో గణిత భౌతికములు మొదటినుండి నేర్చుకొనిరి. గురుస్థానమున నుండువాడు శిష్యుడగుట సామాన్యమా! పిదప ప్రేగు నగరమున ఎక్సు కిరణముల వర్ణపటములను శోధించి 1936లో డాక్టరు పట్టము పొందిరి.

తరువాత లివర్‌పూలులో, న్యూట్రానును కనుగొనిన చాడ్విక్కు వద్ద బీటా కిరణములను పరిశోధించిరి. బీటా కిరణములనగా పరమాణు కేంద్రకమునుండి వెలువడు ఎలక్ట్రానులే. వాని శక్తిని అయస్కాంత క్షేత్రమున వంచి కొలుతురు. ఇందొక చిక్కు గలదు. ఎలక్ట్రాను కేంద్రకము చెంత పోవునపుడు శక్తి యించుమించుగా తరుగకయే దారి మారును. ఇదియే స్థితిస్థాపక ప్రకీర్ణనము. ఘనపదార్థమున నిట్లు పలుమారులు దారితప్పిన ఎలక్ట్రాను, నడుమ ఇతర ఎలక్ట్రానుల తాకిడిచే శక్తి గోల్పోయి, వెనుకకు మరలి రావచ్చును. అట్టివి లెక్కలో చేరినచో కొలత తప్పును. కావున కిరణములనిచ్చు పదార్థమును, దానినుంచిన ఆధారమును మిక్కిలి పలుచగా నుండవలెను. గొట్టమున గాలి లేశమైనను మిగులరాదు. శూన్యమును సాధించు ఈ విద్యపై వారు రచించిన ‘హై వాక్యువా’ యను గ్రంథము 1947లో వెలువడెను.

యుద్ధకాలమున అమెరికాలోని మిచిగాను విశ్వవిద్యాలయమున పరిశోధన సాగించి, 1947లో స్వదేశమునకు మరలి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసిరి. 1954లో వాల్తేరు చేరి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు కేంద్రక భౌతికశాస్త్ర శాఖను తీర్చిదిద్దిరి. విదేశములందే స్థిరపడుటకు వీలున్నను, తెలుగు బిడ్డలకు ఆ విద్య నందించుటకే తుదివయస్సును వినియోగించిరి. 1969 సెప్టెంబరు 21వ తేదీన పరమపదించిరి. అచటి పరిశోధనాలయములు వారి పేరనే వెలసినవి.

మనస్సును నిలుపుట యోగము. చంచలమైన ఎలక్ట్రానును తప్పులేక కొలుచుట శాస్త్రము. రెంటికిని వలసిన ఏకాగ్రత యొక్కటే యని వారి జీవితము చాటుచున్నది.